రాలేదన్న మూడో భాగం

పెనుకొండలో మా చిన్నాయన కొడుకు నాగరాజు తన కూతురికి పేరు పెట్టుకున్న రోజు నేను ధర్మవరంలోనే ఉండిపోయి ఉంటే బాగుండేది. ఉండిపోవడానికి సాకులు లేకపోలేదు. బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలి, మోకాలు నొప్పి, ఆ బస్సులో సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అయినా పోయాను. మా శీనన్న బెంగళూరు నుంచి వస్తానన్నాడు కాబట్టి పోయాను. నలభై ఆరేళ్ళ మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, అన్నను చూడడానికి ముందు రోజే చీర తీసి ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ఆ ఉబలాటం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చిరాకు పుడుతుంది.

అంతకు రెండు నెలల ముందు వరకు అన్నకూ నాకూ మాటలు పెద్దగా లేవు. పోట్లాట కూడా లేదు. పెళ్ళికో చావుకో కలిస్తే ఒంట్లో ఎట్లుందని ఒకరినొకరు అడగడం, అంతే. అట్లాంటిది ఒక ఆదివారం పొద్దున నేను పెసలు నానబోస్తుంటే ఆయన ఫోను చేశాడు. గొంతు పదహారేళ్ళ పిల్లవాడి గొంతులా ఉంది.

"ఏమ్మే వనజా, రాకెట్టాట మళ్ళా వస్తాండాదంట!"

"ఏ రాకెట్టాట?" అన్నాను. అన్నానే గాని నోట్లోంచి ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే నాకు తెలిసిపోయింది. చేతి వేళ్ళకు ముందుగా తెలిసింది.

"మన రాకెట్టాటే. ఇన్నేండ్లకు ఆ జపానోళ్ళు ఇంగో భాగం తెస్తాండారు. నీకు వీడియో పంపించినా, చూడు."

చూశాను. తడి చేత్తోనే ఫోను పట్టుకొని వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు సార్లు చూశాను. చిన్నప్పుడు హిందూపురంలో మేం ఆడిన ఆ వీడియో గేములో, మా నలుపు తెలుపు టీవీలో తెల్లగా కనిపించిన మా విమానం నిజానికి ఎర్రదట. ఇన్నేళ్ళూ నేను తెల్లదనే అనుకున్నాను. ఆ ఆటకు అసలు పేరొకటి ఉందని కూడా అప్పుడే తెలిసింది. మా క్యాసెట్టు మీద ఉన్నవి జపాను అక్షరాలు, అవి మాకు ముగ్గుల్లా ఉండేవి. అందుకే మేం దానికి రాకెట్టాట అని పేరు పెట్టుకున్నాం.

ఆ తర్వాత రెండు నెలలు మా అన్న నాకు మళ్ళీ అన్న అయ్యాడు. రెండు రోజులకొకసారి ఫోను. ఇంకో వీడియో వచ్చింది చూడు, ఇంకో బొమ్మ వచ్చింది చూడు. కొత్తదాంట్లో పాత శత్రువులున్నారా, ఆ ముళ్ళ చక్రం ఉందా, పక్కనుంచి వచ్చి కొట్టే ఆ జంట పురుగులున్నాయా అని నేను అడగడం, ఆయన ఎక్కడెక్కడో వెదికి చెప్పడం. మా ఆయన "ఏమి, ఇంట్లో పెండ్లి మాటలేమన్నా నడుస్తాండాయా?" అని ఎగతాళి చేసేవాడు. నాకు నిజంగా పెళ్ళింటి సందడి లాగే ఉండేది. బడిలో పాఠం చెబుతూ చెబుతూ ఆగి, ఇంకా ఎన్ని రోజులుందని లెక్కేసుకునేదాన్ని.

హిందూపురంలో మా ఇల్లంటే ముందు వాసన చెప్పాలి. మా నాయన పట్టుగూళ్ళు కొని దారం తీయించేవాడు. పొద్దున్నే మార్కెట్టుకు పోయి గూళ్ళ మూటలు సైకిలు మీద వేసుకొచ్చేవాడు. పెరట్లో రేకుల కింద పొయ్యి, దాని మీద మరుగుతున్న నీళ్ళు, ఆ నీళ్ళలో గూళ్ళు. గూడు మెత్తబడి దారం విడిపోయాక లోపల మిగిలిన పురుగు ఉడికిన వాసన ఉంటుంది చూడండి, అది సబ్బుతో పోయేది కాదు. తలలో, పరికిణీలో, పుస్తకాల సంచిలో, అమ్మ కలిపి పెట్టిన ముద్దలో కూడా ఉండేది. బడిలో నా బల్ల మీద మూడో పిల్ల కూర్చునేది కాదు. బడికి పోకముందు గంట, వచ్చాక రెండు గంటలు నేను వేడినీళ్ళ తొట్టి ముందు కూర్చొని గూళ్ళ దారం కొసలు పట్టి ఇచ్చేదాన్ని. నీళ్ళలో తేలే పది గూళ్ళలో దేని కొస ఎక్కడుందో కంటికి కనపడదు. వేలి చివరకు తగలాలి. తగిలిన క్షణంలోనే లాగాలి, లేకపోతే తెగుతుంది. ఆ పని నాకు అమ్మకంటే బాగా వచ్చేది. అది నా దురదృష్టమని అప్పుడు తెలియదు.

అవ్వ ఆ తొట్టి పక్కనే ఒక గోనెపట్ట మీద కూర్చునేది. పళ్ళు లేవు, ఆకూవక్కా చిన్న రోట్లో దంచుకొని నోట్లో వేసుకునేది. నీళ్ళు సరిపడా కాగాయో లేదో చూడడం ఆమె పని. చూపుడు వేలు ముంచి తీసి, "ఇంగా కోపం రాల్యా దీనికి" అనేది. కాగితే "ఆ, ఇప్పుడొచ్చె" అనేది. నాయన ఎంత అనుభవం ఉన్నవాడైనా అవ్వ మాట వచ్చేదాకా గూళ్ళు వేసేవాడు కాదు. ఆయన తక్కువ మాటల మనిషి. అన్నం దగ్గర కూర్చుంటే ఉప్పు తక్కువైనా ఎక్కువైనా తిని లేచేవాడు. కోపం వస్తే అరిచేవాడు కాదు, చెప్పులేసుకొని బజారుకు పోయేవాడు. అందుకే ఆయన ఏదైనా అడిగితే కాదనడం మాకెవరికీ చేతనయ్యేది కాదు.

శీనన్న పదో తరగతి పాసైన వేసవిలో నాయన బెంగళూరు నుంచి ఆ ఆట సెట్టు తెచ్చాడు. నాయన అట్లాంటి వస్తువు తేవడం అదే మొదలు, అదే కడ. టీవీకి తగిలించే ఒక డబ్బా, దానికి తీగలతో రెండు రిమోట్లు, ఒక క్యాసెట్టు. రెండో క్యాసెట్టు కొన్నాళ్ళకు హిందూపురం బజారులో పాటల క్యాసెట్లమ్మే మనిషి దగ్గర అన్న తెచ్చుకున్నాడు. అది రాకెట్టాట రెండో భాగం. ఆదివారం మధ్యాహ్నం నాయన అన్నం తిని పడుకున్నాక, పొయ్యి ఆరాక, మాకు ఆట. సెట్టు అన్నది, మొదటి ఆట అన్నది. ఆయన విమానం పేలిపోయాక నాకు. ఆయన విమానం తొందరగానే పేలేది.

నాది పేలేది కాదు. ఎందుకో చెప్పలేను. పైనుంచి గుంపులు గుంపులుగా దిగేవాటి మధ్య సందు ఎక్కడ తెరుచుకుంటుందో నాకు ముందే తెలిసేది. వారం రోజులకు అన్న దాటలేని మూడో కోట దాటాను. దసరా సెలవులకు చివరి కోట దాకా పోయాను. అవ్వ రోలు తెచ్చుకొని గుమ్మంలో కూర్చొని చూసేది. ఆమెకు ఆటలో అర్థమయిందేమీ లేదు.

"ఆ తెల్లది నువ్వేనా?" అని అడిగేది.

"నేనే అవ్వా."

"అన్నీ నీ మీదికే వస్తాండాయి కదే. నువ్వేం చేసినావు వాటికి?"

ఆ మాటకు అన్నా నేనూ పొట్టలు పట్టుకొని నవ్వాం. మేమిద్దరం కలిసి అట్లా నవ్విన ఆదివారాలు నాలుగో అయిదో ఉంటాయి. ఆ తర్వాత అన్న పెనుకొండలో ఇంటరులో చేరి చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకున్నాడు. శనివారం బస్సుకు వచ్చేవాడు. ఒకసారి తనతో ప్రకాశు అనే స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. ఆ ఆదివారమే నేను రెండో భాగం ముగించాను. చివరి కోట కూలిపోయింది. మా విమానం ఒక రెక్క విరిగి, పొగ కక్కుకుంటూ చీకట్లోకి పోయింది. చాలా దూరంలో ఒక చిన్న వెలుగు కనిపించింది. ఇంగ్లీషులో రెండు వరుసలు వచ్చాయి. నాకు వచ్చిన ఇంగ్లీషుకు అర్థమయిందేమంటే, అది ఇల్లు చేరిందో లేదో తర్వాతి భాగంలో చెబుతారట.

ప్రకాశు చప్పట్లు కొట్టి, "ఏమబ్బా శీనా, కాలేజీలో నువ్వే ముగించినావని చెప్తివే! ముగించేది మీ చెల్లెలా?" అన్నాడు.

అన్న నవ్వాడు. నవ్వి లేచి సెట్టు తీగ పీకేశాడు. నేను తెలివితక్కువదాన్ని, కరెంటు దండగని పీకాడనుకున్నాను.

అప్పటి నుంచి నాకు మూడో భాగం పట్టుకుంది. బడి నుంచి వచ్చేటప్పుడు చుట్టుతిరిగి బజారులో ఆ క్యాసెట్ల మనిషి దగ్గరికి పోయేదాన్ని. ఆయన మడకశిర వైపు మనిషి, సగం కన్నడం, సగం తెలుగు. "బరుత్తమ్మా, వస్తాది. బెంగళూరుకే ఇంగా రాల్యా. వస్తే మీ అన్న చేతికి ఇస్తా పో" అనేవాడు. ఆ మాట చాలు నాకు, ఇంకో వారం గడిచేది. తొట్టి ముందు కూర్చొని ఆ వెలుగు ఏమై ఉంటుందని ఆలోచించేదాన్ని. ఒకరోజు ఊరనుకునేదాన్ని, ఒకరోజు ఇంకో శత్రువనుకునేదాన్ని.

తొమ్మిదో తరగతి సెలవుల్లో మా దగ్గర కొసలు పట్టే లచ్చమ్మక్క వేరేవాళ్ళ దగ్గరికి పోయింది. అమ్మ వేళ్ళు అప్పటికే నీళ్ళలో నాని పాచిపోయి, చీము పట్టి ఉన్నాయి. నాయన అన్నం తింటూ తలెత్తకుండా, "వనజా, ఈ ఒక్క యేడు ఇంటి కాడుండు. మళ్ళీ యేడు బడికి పోదువు" అన్నాడు. నేను సరేనన్నాను. ఇంకేమనేదానికి ఉంది? బడి తెరిచిన రోజు మా వీధి ఆడపిల్లలు కొత్త రిబ్బన్లతో పోతుంటే నేను పెరట్లోనే ఉన్నాను. రోజుకు పది గంటలు. అరచేతుల చర్మం తెల్లగా నాని పొరలు పొరలుగా లేచేది. అన్నం కలుపుకుంటే కారం మంట. చెంచాతో తిందామంటే అవ్వ ఒప్పుకునేది కాదు, తనే ముద్దలు చేసి నోట్లో పెట్టేది. పదిహేనేళ్ళ పిల్లకు.

ఇంటి నుంచి బయటికి పోవడం మానేశాక క్యాసెట్టు సంగతి కనుక్కునేది అన్నే. శనివారం ఆయన చెప్పులు గుమ్మంలో విడుస్తుండగానే అడిగేదాన్ని.

"వచ్చిందా అన్నా?"

"రాలేదు మే."

"బెంగళూరుకు గూడా రాల్యానా?"

"రాలేదంటి కదా. వస్తే చెప్పనా?"

ఒక శనివారం ఆయన సెట్టు సరిగా పనిచేయడం లేదని, పెనుకొండలో బాగుచేసేవాడు ఉన్నాడని, కొత్త భాగం వచ్చేలోపల సిద్ధంగా ఉంటుందని చెప్పి దాన్ని తీసుకుపోయాడు. దారిలో దెబ్బ తగలకుండా నేనే పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాను. మా అన్న ఎంత ముందుచూపు గలవాడో అని సంతోషపడ్డాను. కొన్ని వారాల తర్వాత బాగుచేసేవాడు అంగడి మూసుకొని ఎటో పోయాడన్నాడు. నాకంటే అన్నే ఎక్కువ బాధపడుతున్నాడని, నేను ఏడవకుండా ఊరుకున్నాను. సెట్టు పోయినా మూడో భాగం మీద ఆశ మాత్రం పోలేదు. ఎవరిదో ఒకరి ఇంట్లో ఆడొచ్చు కదా అనుకున్నాను. ఇంకో ఏడాది అడిగాను. ఆ తర్వాత ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. నాయన చెప్పిన ఒక్క ఏడు మూడేళ్ళయింది. నేను ప్రైవేటుగా పదో తరగతి కట్టి, పడుతూ లేస్తూ చదివి, చివరికి ధర్మవరంలో పంతులమ్మనయ్యాను. ఆ కథ ఇంతకు ముందే నా పుస్తకంలో రాశాను కాబట్టి మళ్ళీ రాయను.

నామకరణం రోజు అన్న నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచొచ్చి భుజం మీద చెయ్యేసి, అందరి ముందూ "ఇది మా ఇంటి చాంపియన్" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపను ఉయ్యాలలో వేశాం, చెవిలో పేరు చెప్పాం. భోజనాలయ్యాక వరండాలో కుర్చీలేసుకొని కూర్చున్నాం. నాగరాజు ఓళిగల మీద, అదే బొబ్బట్ల మీద, నెయ్యి వేస్తూ, ఏమిటా ఆట, ఏమిటా కథ అని అడిగాడు. అన్న హుషారుగా చెప్పుకుపోయాడు. చెబుతూ చెబుతూ చెయ్యెత్తి వీధి చివరకు చూపించాడు.

"ఆడ మూలకుండాది చూడు, అది ప్రకాశు వాళ్ళ ఇల్లు. మూడో భాగం నేను ఆడ్నే ఆడి ముగిస్తి. నెల దినాలు కాలేజీ ఎగ్గొట్టినాం."

నా చేతిలో ఓళిగ ముక్క ఉంది. దాన్ని ప్లేటులో పెట్టాను.

"మూడో భాగం రాలేదు కదన్నా" అన్నాను.

ఆయనకు వెంటనే తట్టలేదు. "వచ్చింది మే, నేను ఇంటరు రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు..." అని ఆగిపోయాడు. ఆగి నా ముఖం చూశాడు. నాగరాజు నెయ్యి గిన్నె తీసుకొని లోపలికి పోయాడు. వాడు చిన్నప్పటి నుంచీ తెలివైనవాడు.

"బాగుచేయిస్తానని తీసుకుపోయిన సెట్టు?" అన్నాను.

అన్న చేతులు తుడుచుకున్నాడు. "చిన్నప్పటి సంగతులు ఇప్పుడెందుకులే వనజా. నేనుగా చేసింది గాదు. సెట్టు గూడా ప్రకాశు వాళ్ళింట్లోనే ఉండె. నాయనే ఇంట్లోకి తేవద్దన్నాడు. 'ఆ ఆట వస్తే ఈ పిల్ల దాని ముందర్నుంచి లేవదు, వనజకు రాలేదని చెప్పు' అన్నాడు. నీకు టెన్త్ ఉండె కదా ఆ యేడు. నీ చదువు కోసమే."

"ఆ యేడు నేను బడికి పోలేదన్నా."

"పోలేదా?"

"తొమ్మిదితో మానేస్తి. గూళ్ళ కాడుంటి. నువ్వు వారం వారం వస్తాంటివి కదా. యాడుంటి నేను?"

ఆయన అబద్ధమాడుతున్నాడని నేననుకోలేదు. అట్లా అనుకోగలిగితే కొంచెం తేలికగా ఉండేది. ఆయనకు నిజంగా గుర్తు లేదు. ప్రతి శనివారం ఆయన బట్టలు ఉతికి, ఆయనకు పెరుగు మిగిల్చి, పాచిన చేతులతో వడ్డించిన పిల్ల ఆ ఏడాదంతా బడికి పోతోందనే ఆయన లెక్క. ఆయన జ్ఞాపకంలో నేను నీలం పరికిణీ కట్టుకొని పుస్తకాల సంచితో తిరుగుతున్నాను. ఆయన ప్రకాశు ఇంట్లో కూర్చొని ఆడుకున్న నెల రోజులకు ఒక మంచి కారణం కావాలి కదా, ఆ కారణానికి సరిపడేట్టు నన్ను బడిలో చేర్చుకున్నాడు.

"పోనీ, అదెట్ల ముగిసింది?" అన్నాను. "మూడో భాగం. అది ఇల్లు చేరిందా?"

"ఏది?"

"మన విమానం."

శీనన్న నిజంగానే ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. "గుర్తు లేదు మే" అన్నాడు. "ఊరికే ఏమో అక్షరాలు పడినట్లుండె. అయిపోయింది అంతే."

చీకటి పడకముందే బస్సెక్కాను. ఆయన కారులో దింపుతానన్నాడు, వద్దన్నాను. ధర్మవరం దాకా కిటికీ పక్కన కూర్చొని నేను ఆలోచించింది అన్న గురించి కాదు, నాయన గురించి. పోయి పదకొండేళ్ళయింది. చివరి రోజుల్లో నేను గంజి తాగించినప్పుడు నా చేతులు పట్టుకొని చూసేవాడు. ఏదో చెప్పాలనుకుంటున్నాడని నాకనిపించేది. చెప్పేవాడు కాదు. ఆ చూపులో ప్రేమ ఉందని నేనిన్నాళ్ళూ నమ్మాను. ఇప్పుడూ కాదనను. కానీ దాంట్లో ఇంకేం కలిసి ఉందో తెలిశాక, ఆ చూపును ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు. ఇంట్లో ఆట ఉంటే ఈ పిల్ల తొట్టి దగ్గర్నుంచి లేస్తుందని లెక్కేసుకున్నాడాయన. లెక్క సరైనదే. లేచేదాన్నే. అందరికీ తెలుసా, అవ్వకూ తెలుసా, ముద్దలు పెడుతూ ఆమె కూడా నా ఎదురుచూపు చూస్తూ ఊరకుందా? అది మాత్రం నేను ఎవరినీ అడగను. జవాబు చెప్పేవాళ్ళు లేరు, ఉన్నా అడగను.

మేం పేదవాళ్ళం కాబట్టి నాకు దొరకలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ మాట మీద నిలబడే నా పుస్తకాలన్నీ రాశాను. బెంగళూరుకు రాని వస్తువు హిందూపురానికి ఎట్లా వస్తుంది, మా ఊళ్ళ బతుకే అంత, అని ఒక చోట రాశాను కూడా. చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. అది తప్పు. వస్తువు వచ్చింది. పెనుకొండ దాకా వచ్చింది, మా ఇంటి మనిషి చేతికి వచ్చింది. నా దగ్గరికి మాత్రమే రాకుండా ఆగింది. మా బడిలో ఇప్పుడు ఆడపిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరూ దేనికోసమూ ఏడాది ఎదురుచూడరు, ఆ కాలం పోయింది అని తోటి పంతుళ్ళు అంటుంటారు. పోనివ్వండి. ఎదురుచూడడం గొప్ప విషయమని నేనూ ఉపన్యాసాలు చెప్పినదాన్నే. రాదని తెలిసినవాళ్ళు నలుగురు చుట్టూ కూర్చొని ఉండగా ఒక పిల్ల అది వస్తుందని ఎదురుచూస్తూ ఉండడంలో గొప్పేముంది?

అన్న మరుసటి రోజు ఫోను చేశాడు, నేనెత్తలేదు. మూడో రోజు ఒక సందేశం పెట్టాడు. తప్పయిందని లేదు అందులో. కొత్త సెట్టు, కొత్త ఆట నా పేరు మీద ధర్మవరం ఇంటికి పంపుతున్నానని, ఆట విడుదలైన రోజే చేరుతుందని ఉంది. వద్దని రాశాను. రాసింది పంపకముందు చెరిపేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపేశాను. నాకు కోపం తగ్గలేదు. తగ్గుతుందని కూడా అనుకోను. అయినా ఆ వీడియో రోజూ ఒకసారి చూస్తూనే ఉన్నాను. ఇంత జరిగాక కూడా అది రావాలని నాకు ఉంది. ఆ సంగతే నాకు అన్నిటికంటే చేదుగా ఉంది.

శుక్రవారం వస్తుందట. బడికి సెలవు చీటీ ఇచ్చాను, కారణం దగ్గర సొంత పని అని రాశాను. అన్నకు మాత్రం ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు.